ఇంట్లో అందరినీ ఏడిపించిన ఫోటో మంచి ఫోటోయేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. రెండేళ్ల కిందట సద్దుల బతుకమ్మ నాడు, పరకాల దగ్గరి మీ ఊరిలో, మీ నాయనమ్మ అరుగు మీద కూర్చుని బతుకమ్మ పేరుస్తుండగా మీరు ఫోనుతో ఒక ఫోటో తీశారు. ఆ సంక్రాంతి రాకముందే ఆమె కాలం చేశారు. ఫోటోను చూసి మీ బాపు, మేనత్తలు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీరు దానిని పన్నెండు-పద్దెనిమిది సైజులో ప్రింటు వేయించి ఫ్రేము కట్టించారు. ఇప్పుడు ఒక పోటీకి పంపాలనుకుని ఇద్దరు మిత్రులకు చూపిస్తే, ఒకరు బాగుందని ఊరుకున్నారు, మరొకరు మామూలుగానే ఉందన్నారు. ఇంట్లోవాళ్ల కన్నీళ్లను నమ్మాలా, మిత్రుడి మాటను నమ్మాలా అని మీరు అడుగుతున్నారు.

రెండింటినీ నమ్మవచ్చు. కన్నీళ్లు మీ నాయనమ్మ కోసం వచ్చాయి. మిత్రుడు చెప్పింది ఫోటో గురించి. రెండూ ఒకే కాగితం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఒకదానికొకటి ఎదురు నిలిచినట్లు కనిపిస్తున్నాయి. హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపి, అప్పుడప్పుడు పోటీలకు నిర్ణేతగా కూర్చున్న నేను కూడా ఒకప్పుడు వీటిని విడదీయలేక బాగానే దెబ్బతిన్నాను. ముందుగా ఆ సంగతి చెబుతాను.

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, దానిని చూడటానికి ఆయన లేరు. 1994లో, ఆయన మగ్గం దిగడానికి కొన్ని నెలల ముందు, కెమెరాలో నలుపు-తెలుపు రీలు వేసుకుని వెళ్లి ఆయనను మగ్గం దగ్గర ఫోటో తీశాను. ఆ రాత్రి డార్క్‌రూములో ఎర్ర బల్బు కింద, డెవలపర్ ట్రేలో మునిగిన తెల్ల కాగితం మీద బాపు ముఖం మెల్లమెల్లగా తేలుతుంటే నా చేతులు వణికాయి. అంతకన్నా మంచి ఫోటో నేను తీయలేదని, ఇక తీయబోనని అనుకున్నాను. పెద్ద ప్రింటు చేసి పోటీకి పంపితే అది మొదటి వడపోతలోనే పోయింది. కోపం ఆపుకోలేక నిర్ణేతలలో ఒక పెద్దాయనను వెతికి పట్టుకుని కారణం అడిగాను. ఆయన ప్రింటును బల్ల మీద పెట్టి, ఇందులో ఏముందో చెప్పమన్నారు. నలభై ఏళ్లు ఒకే మగ్గం మీద కూర్చున్న మనిషి అని, నా చదువు కోసం రాత్రుళ్లు కూడా నేసిన మనిషి అని, నడుము నొప్పితో రేపో మాపో మగ్గం దిగబోతున్న మనిషి అని నేను చెప్పుకుంటూ పోయాను. అంతా ఓపికగా విని, అవన్నీ నీ దగ్గర ఉన్నాయి, కాగితం మీద ఏముంది అని ఆయన మళ్లీ అడిగారు. అప్పుడు చూశాను. బనీను తొడుక్కున్న ఒక మనిషి నేత ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కెమెరా వైపు చూస్తున్నాడు. వెనుక గుంజలు, దారాలు కలగాపులగంగా ఉన్నాయి. నేస్తున్న జంపఖానా ఫ్రేములోకి రాలేదు, పేకను దువ్వి దగ్గరికి కొట్టే పంజా ఎక్కడుందో తెలియదు. ఆ మనిషి నేతగాడని చెప్పడానికి కూడా నేను పక్కన నిలబడాల్సి వచ్చింది.

ఆ రోజు నుంచి, నాకు బాగా ఇష్టమైన ప్రతి ఫోటోకూ ఒక పని చేస్తున్నాను. ఫోటోను పక్కన పెట్టి, దాని గురించి నేను ఎవరికైనా చెప్పాలనుకునే మాటలన్నీ ఒక కాగితం మీద రాస్తాను. తర్వాత ఫోటోను ఎదురుగా పెట్టుకుని, నాలుగు అంచుల మధ్య కంటికి కనిపించని ప్రతి మాటనూ కొట్టేస్తాను. బాపు ఫోటోకు తొమ్మిది వాక్యాలు రాస్తే రెండు మిగిలాయి; ఆ రెండూ ఆయన ముఖం మీది వెలుతురు గురించినవి. మీరు ప్రశ్నలో రాసిన మాటలను కూడా అలాగే చూశాను. ఎనభై రెండేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పితో నేల మీద కూర్చోలేని మనిషి ఆ రోజు పట్టుబట్టి కూర్చున్నారని రాశారు; మోకాళ్లు చీర కింద ఉన్నాయి, పట్టుదల ఎక్కడా కనిపించదు. పేరుస్తూ పాట పాడుతున్నారని రాశారు. ఫోటోలో పెదవులు మూసి ఉన్నాయి. మునిమనవరాలికి, అంటే మీ అక్క కూతురికి, పేర్చడం నేర్పుతున్నారని రాశారు. కుడి అంచున ఒక గౌను కుచ్చు తప్ప ఆ పాప లేదు. అదే ఆమె చివరి బతుకమ్మ అన్నది ఏ ఫోటోలోనూ కనిపించే విషయం కాదు. గునుగు పూలకు రంగులు తానే అద్దారన్న ఒక్క మాట మాత్రం, పెద్దది చేసి చూస్తే వేళ్లకు అంటిన గులాబి రంగులో దొరుకుతుంది.

ఇక ఫోటోను ఫోటోగా చూద్దాం. నాయనమ్మ సరిగ్గా మధ్యలో కూర్చుని మీ వైపు చూసి నవ్వుతున్నారు. తల వెనుక గోడ మీద ట్యూబులైటు వెలుగుతోంది; దానిని చూసి ఫోను మొత్తం వెలుతురును తగ్గించుకోవడం వల్ల ముఖం నీడలో పడిపోయింది. ఎడమ వైపు నీలం ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఆరేసిన తువ్వాలు ఉన్నాయి. లైటు బతుకమ్మ మీద కన్నా వాటి మీదే ఎక్కువ పడింది కాబట్టి, ఆమె ఎవరో తెలియని కన్ను మొదట కుర్చీ దగ్గరికే పోతుంది. అన్నిటికన్నా పెద్ద లోపం ఏమిటంటే, బతుకమ్మ సగానికి పైగా కింది అంచున తెగిపోయింది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆఁరీ కార్తియే-బ్రెస్సాఁ ఫోటోలను తలకిందులు చేసి చూసేవారు. అలా తిప్పితే ముఖాలు, కథలు వెనక్కి పోయి, ఆకారాలు, వెలుగునీడలు ముందుకు వస్తాయి. మీ ఫోటోను అలా తిప్పి చూశాను. కుర్చీ మిగిలింది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మీ ఇంట్లోవాళ్లు ఏడ్చిన ఫోటో మంచి ఫోటో కాదు. అది మంచి నవ్వు.

ఈ పొరపాటు చావుపుట్టుకల దగ్గరే జరుగుతుందని అనుకోకండి. రెండేళ్లకొకసారి మేడారం జాతర ముగిసిన వారం స్టూడియోకు వచ్చే ఫోటోలను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. జంపన్న వాగులో మునిగి, దుమ్ములో గంటల తరబడి నడిచి, నిలువెత్తు బెల్లాన్ని తల్లులకు బంగారంగా సమర్పించి వచ్చిన మనిషికి తన ఫోటోలో ఆ పూనకం అంతా వినిపిస్తుంది. చూసే నాకు మాత్రం వీపులు, తలలు, ఒక మైకు స్తంభం కనిపిస్తాయి. రామప్ప దగ్గర జరిగేది దీనికి కొంచెం వేరు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడికి కెమెరాతో వెళ్లేవాళ్లు పెరిగారు, అందరి దగ్గరా మదనికల, అంటే ఆ గుడి మీది ఆడ శిల్పాల, ఫోటోలు ఉన్నాయి, అన్నీ అందంగానే ఉన్నాయి. కానీ 1213 నాటి ఆ గుడిలో నల్లరాతిని అద్దంలా నునుపు చేసిన శిల్పి పనిని మన ఖాతాలో వేసుకోకూడదు. రాయి అందంగా ఉందా, నేను నిలబడిన చోటు వల్ల, ఎంచుకున్న వేళ వల్ల ఆ రాయి గురించి కొత్తగా ఏమైనా తెలిసిందా అన్నవి రెండు వేరు ప్రశ్నలు. తెల్లవారుజామున లేచి లక్నవరం చెరువుకు పోయి తీసిన మంచు ఫోటోకు మనం వేసుకునే మార్కులలో సగం ఆ నిద్ర మానుకున్నందుకే.

కాలం గడిస్తే ఇవన్నీ చల్లబడతాయని పెద్దలు చెబుతారు, చాలావరకు నిజమే. న్యూయార్క్ వీధులను ఫోటోలు తీసిన గ్యారీ వినోగ్రాండ్ తన రీళ్లను వెంటనే కడగకుండా, అంటే డెవలప్ చేయకుండా, చాలాకాలం పక్కన పెట్టేవారు. తీసిన నాటి ఉత్సాహం మరచిపోయాక చూస్తేనే తన ఫోటోల మంచిచెడ్డలు తనకు తెలుస్తాయని ఆయన నమ్మకం. 1984లో ఆయన చనిపోయేనాటికి కడగని రీళ్లు సుమారు 2,500 మిగిలిపోయాయి. అంత నిగ్రహం మనకు అక్కరలేదు కానీ, రీళ్ల కాలంలో ఆ ఆలస్యం మనకు కూడా ఊరికే దొరికేది. ముప్పై ఆరు ఫోటోల రీలు ఉగాదికి మొదలుపెడితే మా వైపు కొన్ని ఇళ్లలో దసరా దాకా నడిచేది. కడిగించి చూసేసరికి ఏ ఫోటో ఎందుకు తీశామో గుర్తుండేది కాదు. ఫోను అలా కాదు, గుండె ఇంకా కొట్టుకుంటుండగానే ఫలితాన్ని చేతిలో పెడుతుంది.

అయితే మీ విషయంలో కాలం ఎదురు తిరిగింది. కాలం తీసినప్పటి ఉత్సాహాన్ని చల్లార్చుతుంది కానీ, పోయిన మనిషి మీది బెంగను చల్లార్చదు. పైగా దానిని పెంచుతుంది. మీరే రాశారు, ఆ రోజు ఈ ఫోటోను బంధువుల గ్రూపులో పెట్టి మరచిపోయారని, జనవరిలో ఆమె పోయాక వెతికి తీశారని. అక్టోబరుకూ జనవరికీ మధ్య ఆ ఫోటోలో ఒక్క చుక్క కూడా మారలేదు. ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఆలోచించి ఉంటే మీకు నా దగ్గరికి రావలసిన అవసరం ఉండేది కాదు.

ఫోటోగ్రఫీ గురించి రాసినవాళ్లలో దీనిని అందరికన్నా నిజాయితీగా ఒప్పుకున్నది ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ అని నాకు అనిపిస్తుంది. 1980లో వచ్చిన పుస్తకంలో ఆయన, చనిపోయిన తన తల్లి అయిదేళ్ల వయసులో దిగిన ఒక ఫోటో గురించి పేజీల కొద్దీ రాశారు, పుస్తకంలో ఎన్నో ఇతర ఫోటోలను అచ్చు వేశారు, ఆ ఒక్కదానిని వేయలేదు. అది తనకే ఉన్నదని, పాఠకులకు ఒక మామూలు ఫోటోగానే కనిపిస్తుందని ఆయన అన్నారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. వరంగల్‌లోనే పుట్టిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను జీవితమంతా ఫోటోలు తీశారు. వాటిలోని ఆడవాళ్ల పేర్లు మనకు తెలియవు, వాళ్లు ఏ ఇంటివాళ్లో తెలియదు, అయినా ఆ ఫోటోల ముందు ఆగిపోతాం. పక్కన ఎవరూ నిలబడి చెప్పవలసిన పని లేదు.

అందుకే, చూపించడమంటూ చేస్తే ఎలా చూపించాలో కూడా చెబుతాను. మిత్రులకు మీరు ఫోటోతో పాటు కథ కూడా చెప్పి ఉంటారు. పోయిన మనిషి ఫోటోను బాగాలేదని ముఖం మీద చెప్పగలిగే మిత్రుడు దొరకడం కష్టం, మీకు ఒకరు దొరికారు కాబట్టి ఆయనను వదులుకోకండి. కథ తెలియనివాళ్లకు చూపించండి. ఎలా ఉందని అడగవద్దు, ఏం కనిపిస్తోందని అడగండి, వాళ్ల వేలు ఎక్కడికి పోతుందో గమనించండి.

మీరు నా మాట మీద ఆ సాయంత్రం తీసిన మిగతా ఫోటోలన్నీ పంపడం మంచిదయింది. మొత్తం పదకొండు ఉన్నాయి. ఇంట్లోవాళ్లు మెచ్చింది నాలుగోది. ఆరోదానికి మీరు, ముఖం రాలేదు, అని పక్కన రాసి పంపారు. నేను ఆ ఆరోదాని దగ్గర చాలాసేపు ఆగాను.

అందులో నాయనమ్మ వంగి ఉన్నారు. నెరిసిన కొప్పు, ఒక చెంప, చెవి కమ్మ మాత్రమే కనిపిస్తాయి. మీరు ఎందుకో కిందికి వంగి తీయడం వల్ల కుర్చీ, ట్యూబులైటు రెండూ ఫ్రేము బయటికి పోయాయి, తాంబాళంలోని బతుకమ్మ మొత్తం వచ్చింది. ఎడమ అరచేయి పూల వరుసలు జారకుండా ఆనించి ఉంది, కుడి బొటనవేలు ఒక గునుగు కట్టను లోపలికి నొక్కుతోంది. ఆ వేలికి గోరు దాకా గులాబి రంగు అంటుకుని ఉంది. వెలుతురు చాలక కుడిచేయి కొంచెం కదిలినట్లు వచ్చింది. అది లోపం కాదు, నొక్కడం కనిపిస్తున్నదే ఆ కదలిక వల్ల. కుడి అంచు నుంచి ఒక చిన్న చేయి లోపలికి వచ్చి ఒక తంగేడు రెమ్మను అందిస్తోంది. ఆ చేతి వేళ్లకూ అదే గులాబి రంగు. మీరు రాసిన మాటలలో, నేర్పుతున్నారు, అన్నదానిని నేను ఇందాక కొట్టేశాను కదా, ఇక్కడ దానిని తిరిగి రాయవలసి వచ్చింది. పాట ఇందులోనూ వినిపించదు. వయసు కనిపిస్తుంది, పని కనిపిస్తుంది, ఆ పని ఒక చేతి నుంచి మరొక చేతికి పోవడం కనిపిస్తుంది.

మీ అనుమతితో ఈ రెండింటినీ మా వీధి చాయ్ దుకాణం అతనికి చూపించాను. నాలుగోదాన్ని చూసి, "ఎవలు సార్, మీ సుట్టాలా?" అన్నాడు. ఆరోదాన్ని చూసి, నేనేమీ అడగకముందే, "గా పోరి వేళ్లకు సుత రంగంటింది సూడుండ్రి" అన్నాడు. నాలుగోది చూసినవాడికి మనిషి ఎవరన్న సందేహం వచ్చింది, ఆరోది చూసినవాడికి ఆ సందేహమే రాలేదు.

మీ ఇంట్లోవాళ్లు ఆరోదాన్ని పక్కన పెట్టడంలో తప్పేమీ లేదు. మన ఇళ్లలో ఫోటో అంటే ముఖం. మనిషి పోయిన మూడో రోజునో అయిదో రోజునో, ఏదో పెళ్లిలో దిగిన గుంపు ఫోటో పట్టుకుని వచ్చి, ఇందులో మా అవ్వను ఒక్కదాన్నే విడదీసి దండ వేయడానికి పెద్దది చేసి ఇవ్వమని అడిగినవాళ్లు నాకు లెక్కలేనంత మంది. ముఖం మసకగా ఉన్నా సరే, కళ్లు తెరిచి ఉంటే చాలు అనేవారు. చేతులు కావాలని ఒక్కరూ అడగలేదు, అడుగుతారని నేను అనుకోను కూడా. ఒకే సాయంత్రం తీసిన పదకొండింటిలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడే ఆప్యాయత మనను ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. మనకు కావలసిన మనిషి ఏ ఫోటోలో మన వైపు చూస్తే ఆ ఫోటో దగ్గర ఆగిపోతాం, దాని పక్కదాన్ని చూడం. కాబట్టి మీకు ఇష్టమైన ఫోటో మంచిదా కాదా అని తేల్చుకోవాలనుకున్నప్పుడల్లా, ముందు దాని అటూ ఇటూ తీసినవాటిని బయటికి తీయండి. ఎవరూ ఎంచుకోనివాటిని ముఖ్యంగా చూడండి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే నేను పదేళ్లు ఆ రెండో గోతిలో పడి ఉన్నాను. బాపు ఫోటో దెబ్బ తర్వాత, నాకు ఇష్టమైన ప్రతి ఫోటోనూ అనుమానించడం మొదలుపెట్టాను. నాకు ఏ సంబంధమూ లేని గోడలు, మెట్లు, నీడలు తీసి, అవి పద్ధతిగా ఉన్నాయి కాబట్టి మంచివనుకున్నాను. అవి పద్ధతిగానే ఉన్నాయి, ఎవరికీ గుర్తు లేవు. ఇష్టం ఫోటోకు శత్రువు కాదు. ఆరో ఫోటో మీకు దొరికింది ఇష్టం వల్లనే. బయటి ఫోటోగ్రాఫర్ అయితే నాలుగు గుండ్రటి బతుకమ్మలు, పట్టుచీరలు తీసుకుని వెళ్లిపోయేవాడు, అరుగు దగ్గర వంగి కూర్చునేవాడు కాదు. పంజా పట్టీ పట్టీ మా బాపు బొటనవేలి మొదట్లో చెక్కలాంటి కాయ కాసింది. అది ఎక్కడుందో, ఏ వెలుతురులో కనిపిస్తుందో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నేను దాన్ని తీయలేదు, ముఖం తీశాను. పెద్దాయన మాట బుర్రకెక్కి మళ్లీ కొత్తవాడ వెళ్లేసరికి మగ్గం విప్పేశారు, ఖాళీ చేతులతో కూర్చున్న బాపును తీయబుద్ధి కాలేదు.

పోటీకి ఆరోదాన్ని పంపండి. ఏ వైపూ కత్తిరించవద్దు, ఆ చిన్న చేయి అంచు నుంచి వస్తేనే బాగుంటుంది. కదిలిన చేతిని యాప్‌లో పదును చేయవద్దు. పచ్చబారిన లైటు రంగును కొంచెం తగ్గిస్తే చాలు. తక్కువ వెలుతురులో ఫోనుతో తీసింది కాబట్టి పన్నెండు-పద్దెనిమిది వేస్తే గరుకు బయటపడుతుంది. ఎనిమిది-పన్నెండు, మెరుపు లేని కాగితం మీద వేయించండి. శీర్షికలో చివరి బతుకమ్మ అనే మాట రాయవద్దు, ఊరు, పండుగ, సంవత్సరం రాస్తే సరిపోతుంది. మన దగ్గరి పోటీలకు బతుకమ్మ ఫోటోలు కుప్పలుగా వస్తాయి, వాటిలో సగం డ్రోనుతో పైనుంచి తీసిన వలయాలే. వాటి మధ్య ఇది మొదటి వడపోత దాటుతుందని నా అంచనా, బహుమతి సంగతి ఆనాటి నిర్ణేతలది. నాలుగోదాన్ని గోడ మీది నుంచి దింపకండి. మా ఇంట్లో బాపు ఫోటో ఇప్పటికీ ముందు గదిలోనే ఉంది.

పంపే ముందు మీ అక్కాబావలను ఒక మాట అడగండి. చేయి ఒక్కటే కనిపిస్తున్నా, అది వాళ్ల పాప చేయి.